ఏ ఫోన్ ఎంత తింది

"ఫోన్ ఇటివ్వు. లెక్క తేలిపోయింది" అంది అత్త, చెయ్యి చాచి.

కోడలు ఇవ్వలేదు. ఎనిమిది నెలల పిల్లకు జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయి. ఇప్పటికి రెండుసార్లు వచ్చాయి. ఈసారి క్షణం ఆలస్యం చేయకుండా ఫోన్ చెయ్యమని నర్సు గట్టిగా చెప్పింది. అది చేతిలో లేకపోతే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు.

ఇంట్లో అందరి ఫోన్లకూ కలిపి నెలకు సరిపోవాల్సిన ఇంటర్‌నెట్ పదిహేను రోజులకే అయిపోతోంది. కోడలు సినిమాలు చూస్తూ తగలేస్తోందని అత్త అనుమానం. టెన్త్ మధ్యలో మానేసినవాళ్లకు అంతకన్నా ఏం పనుంటుందని మరిది వెటకారం. ఆ ఇంట్లో ఆమె పక్షాన మాట్లాడేది భర్త ఒక్కడే. ఫోన్ కొనిచ్చిందీ, పిల్లతో పాటు దాన్నీ ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమన్నదీ అతనే. వాడికి చెబితే పెళ్లాన్ని వెనకేసుకొస్తాడని, అతనికి తెలియకుండా అత్త ఈ లెక్క తీసే పని చిన్నకొడుక్కి అప్పగించింది.

మరిది కంప్యూటర్ చదువుతున్నాడు. నల్ల తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసిపెట్టాడు. ఏ ఫోన్‌లోకి ఎంత వచ్చింది, ఏ ఫోన్ నుంచి ఎంత పోయింది అన్నది గంటగంటకూ అదే నమోదు చేసుకుంటుంది. వారం తిరిగింది.

"చూసుకో అమ్మా. మొత్తంలో ముప్పాతిక వదినదే" అన్నాడు.

తానేమీ చూడలేదని కోడలు పిల్ల మీద ఒట్టు వెయ్యబోయింది. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంది అత్త.

మరిది తెర మీదికి వంగాడు. అంకెలు ఇంకోసారి చదువుకున్నాడు. సినిమా చూస్తే లోపలికి రావాలట. వచ్చింది పిడికెడే. పోయింది కొండంత.

"ఎవరికి పంపుతున్నావు వదినా, పగలంతా ఇన్ని వీడియోలు?"

"పంపడం నాకు చాతకాదయ్యా. నీకు తెలీదా?"

సినిమాల మాట అత్త మరిచిపోయింది. ఎవడు వాడు, ఎన్నాళ్లుగా సాగుతోంది అని జబ్బ పట్టుకుని ఊపింది. పిల్ల కెవ్వుమంది. కోడలు ఒక చేత్తో పిల్లను అదుముకుని, రెండో చేతిలో ఫోన్‌ను అత్తకు అందకుండా కంప్యూటర్ వైపు చాచి పట్టుకుంది.

అది మోగింది. దుకాణం నుంచి భర్త. ఇక భయం లేదనుకుంటూ స్పీకర్ నొక్కింది.

"ముందు వాణ్ణి ఆ నల్ల తెర కట్టెయ్యమను" అన్నాడు భర్త.