ఒక్క పూస తేడా

“రెండో పేటకి కాగితం ఇవ్వలేదేంటమ్మా?” అంది అక్క, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

అక్క అంటే పూసల దుకాణం యజమానికి అక్క. ముప్పై ఏళ్లుగా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పూసలు గుచ్చుతోంది కాబట్టి వచ్చేపోయేవాళ్లందరికీ అక్కే. పోయిన నెల మాత్రం ఆమె గుచ్చిన గొలుసులు రెండు తప్పుపడి తిరిగొచ్చాయి. ఇంకొక్కటి వచ్చిందంటే గుచ్చడం మానేసి, రంగులు ఏరే బల్ల దగ్గర కూర్చోమని తమ్ముడు మెత్తగా చెప్పాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

గొలుసు చేయించుకోడానికొచ్చి ఎదురుగా కూర్చున్నావిడ నవ్వింది. పూసల వరస రాసిన కాగితం రెండో పేటకి అక్కర్లేదట. ఎరుపుకి ఎదురుగా ఎప్పుడూ ఆకుపచ్చే, పసుపుకి ఎదురుగా ఎప్పుడూ నీలమే. ఒక పేట తెలిస్తే రెండోది దానంతటదే తెలిసిపోతుంది. రెండు పేటల్నీ పూసకి పూస కలిపి, నిచ్చెనని మెలితిప్పినట్టు తిప్పాలి. డీఎన్ఏ అంటారు దీన్ని, మన ఒంట్లో కణకణంలోనూ ఇదే ఉంటుందని ఆవిడ వివరంగా చెప్పుకొచ్చింది. సైన్సు టీచరు కాబోలనుకుంది అక్క.

అసలే అక్కకి ఆరాలెక్కువ. ఒక పేట పాడైతే రెండోదాన్ని చూసి మళ్లీ గుచ్చుకోవచ్చన్నమాట అంది. ఒళ్లు చేసే పని అదేనంది ఆవిడ.

“మరి అన్ని పూసలు గుచ్చేటప్పుడు తప్పులు పడవూ?”

“పడతాయి” అంటూ ఆవిడ లేచింది. రెండు గొలుసులకి రెండు కాగితాలు బల్లమీద పెట్టి, శనివారానికి జత కావాలని చెప్పి వెళ్లింది.

శుక్రవారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. రెండు గొలుసుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది అక్క. ఒకచోట తేడా కొట్టింది. ఒకదాని మొదటి పేటలో ఎరుపున్నచోట రెండోదాంట్లో ఆకుపచ్చ ఉంది. గబగబా కాగితాలు తీసి చూసింది. తన చెయ్యి తప్పలేదు, రెండో కాగితంలోనే అలా ఉంది.

హమ్మయ్య అనుకుంది గానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. జత అంటే పూసకి పూస సరిపోవాలి, అది తమ పనిలో మొదటి పాఠం. తేడా ఉంటే కాగితాన్నెవరంటారు, అక్క కళ్లనే అంటారు. ఆవిడకి ఫోను చేద్దామంటే నంబరు తమ్ముడి దగ్గరుంది, అడిగితే మళ్లీ చూపు సంగతి మొదలుపెడతాడు. ఇక ఆలోచించకుండా పట్టకారు అందుకుంది.

శనివారం ఆవిడ వచ్చి గొలుసుల్ని ఆప్యాయంగా తడుముతూ ఒకచోట ఆగిపోయింది.

“ఇక్కడ ఆకుపచ్చ ఉండాలి కదా?”

తమ్ముడు తలెత్తాడు. అక్క రెండో కాగితం తీసి ముందుకి జరిపింది. “కాగితంలో పొరపాటు పడిందమ్మా. జతన్నారు కదా అని నేనే మార్చేశాను.”

అక్కకి ఈమధ్య చూపు సరిగ్గా ఆనడం లేదు, ఏమీ అనుకోకండని తమ్ముడు అడ్డొచ్చాడు. ఆవిడ అతని మాట వినిపించుకోలేదు.

“గొలుసంతా విప్పారా?”

“విప్పడమెందుకూ? ఆ ఒక్కచోట పూసా, దాని ఎదుటి పూసా చిదిపేసి, పక్కన చీలికున్న పూసలు దారానికి తొడిగి నొక్కాను. మిగతావాటిని కదపనే లేదు.”

ఆవిడ కళ్లల్లో నీళ్లు నిండాయి. “పొరపాటు కాగితంలో లేదండీ. మా పాప ఒంట్లో ఉంది. పుట్టినప్పటినుంచీ ఆ ఒక్క పూస తేడాతోనే అవస్థ పడుతోంది. తన జబ్బేమిటో తనకి చూపిద్దామని, మామూలుదొకటీ తనదొకటీ చేయించాను.”

అక్క నిలువునా నీరైపోయింది. క్షణంలో పాత రంగే పెట్టేస్తానంటూ పట్టకారు కోసం తడుముకుంది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనివ్వండి. రేపు పాపకి డాక్టర్లు చేయబోయేదీ ఇదే, ఆ ఒక్క పూసని మార్చడం.”