అక్క రుచి చూసింది

"నువ్వు కొట్టు తెరిచిన రోజే చెప్పాగా, నీ చేతి మంచినీళ్ళు కూడా తాగనని. ముందు మెట్లు దిగు," అంది అక్క.

చిన్న తమ్ముడు ఒక్క మెట్టు దిగి ఆగాడు. చేతిలో నీళ్ళ సీసా, మూతికి ముసుగు. ఏడాది తర్వాత అక్క బేకరీకి వచ్చిందని తెలిసి, ఎదురుగా ఉన్న తన కొట్టు వదిలేసి రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

"ఆ ముసుగు చూశావా అక్కా? మన గాలి కూడా దొరగారికి పడదు," అన్నాడు పెద్ద తమ్ముడు. గల్లా పక్కన కూర్చుని జీడిపప్పు గుప్పెడు గుప్పెడు నోట్లో పోసుకుంటున్నాడు.

"లోపల జీడిపప్పు పొడి లేస్తోంది కదన్నయ్యా. పీలిస్తే నాకు ఊపిరాడదు, తెలుసుగా."

"చాల్లే వేషాలు!" అంది అక్క. "చిన్నప్పట్నించీ ఇదే నాటకం. జీడిపప్పు లేని కేకులు అమ్ముతానంటూ నా కళ్ళెదురుగానే పోటీ పెట్టావు. సరే, పోనీ అనుకున్నా. నా రక్తం పాడైపోయి, తోడబుట్టినవాళ్ళ మూలకణాలు కావాలని డాక్టర్లు అడిగితే సూదికి భయపడి మాయమయ్యావే! నేను తేరుకునేసరికి పక్కనున్నది వీడు, తనే ఇచ్చానన్నదీ వీడు. వీడే లేకపోతే ఈపాటికి నేను గోడమీద ఫోటోనయ్యేదాన్ని."

చిన్న తమ్ముడు ఏదో అనబోయి అన్న వైపు చూశాడు. అన్న ఫ్యాను వైపు చూశాడు.

"ఇప్పుడు నా రక్తమే కదక్కా నీ ఒంట్లో పారుతున్నది," అన్నాడు పెద్దవాడు. "నీ చేతిలోని బేకరీ తాళాలు నాకిచ్చేసి రేపట్నించి కాలుమీద కాలేసుకుని ఇంట్లో కూర్చో. వీడు మళ్ళీ ఈ మెట్లెక్కకుండా నేను చూసుకుంటా."

"ఇస్తాన్రా. ఇకమీదట ఈ బేకరీ నీదే. ముందు ఈ వాయి రుచి చూడనీ."

అక్కడ అదొక పద్ధతి. పొయ్యిలోంచి దించిన మొదటి కేకు అంచు తుంచి, అక్క నోట్లో వేసుకుని తలూపితేగానీ మిగతావి అమ్మకానికి వెళ్ళవు. ఏడాది పొడుగునా పథ్యం పుణ్యమా అని ఆ పద్ధతి ఆగిపోయింది. ఇక అన్నీ తినొచ్చని పెద్ద డాక్టరు చెప్పాడు. జీడిపప్పు కేకు వేడివేడిగా వచ్చింది. అక్క తుంచింది, నమిలింది, తలూపబోయింది.

పెదవులు చిమచిమలాడాయి. నాలుక లావెక్కింది. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఊపిరి అందక బల్ల పట్టుకుంది.

"పొలమారింది, పొలమారింది!" అంటూ పెద్ద తమ్ముడు ఆవిడ నెత్తిమీద తట్టడం మొదలుపెట్టాడు.

చిన్న తమ్ముడు ఒక్క దూకులో లోపలికొచ్చాడు. తనకి ఊపిరాడకపోతే పొడుచుకోడానికి జేబులో ఎప్పుడూ ఉంచుకునే పెన్నులాంటి ఇంజెక్షన్ తీసి అక్క తొడలో పొడిచాడు. సూదికి భయపడేవాడి చెయ్యి కాస్త కూడా వణకలేదు.

ఆస్పత్రి మంచం మీద అక్క ఊపిరి కుదుటపడింది. తాళాలగుత్తి ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

"అవి నాకిచ్చి పడుకో అక్కా," అన్నాడు పెద్ద తమ్ముడు. అంత కంగారులోనూ జేబులో జీడిపప్పు మరిచిపోలేదు, ఒక్కొక్కటే నములుతున్నాడు.

ఎమర్జెన్సీ డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది. "సమయానికి సూది పడింది కాబట్టి సరిపోయింది. జీడిపప్పు మీకు పడదని తెలీదా?"

"పడకపోవడమేంటమ్మా! పుట్టినప్పట్నించీ తింటున్నా."

"అప్పుడు తిన్నది మీ పాత కణాలతో. మీకిచ్చిన మూలకణాలు, వాటిమీదుండే ఒక రిసెప్టర్ దారి చూపిస్తే మీ ఎముకల్లోకి వెళ్ళి కాపురం పెట్టాయి. ఇప్పుడు మీ ఒంటికి కాపలా కాసే కణాలు వాటి సంతానమే. వాటికీ రిసెప్టర్లుంటాయి, కాలింగ్ బెల్ లాంటివి. పాత కణాలకి జీడిపప్పు చుట్టం, వీటికి దొంగ. గుమ్మంలో కనబడగానే బెల్లు మోగించి ఇల్లు పీకి పందిరేశాయి."

"వీటికెందుకమ్మా ఆ పగ?"

"పుట్టింటి నించి తెచ్చుకున్నాయి. మీకు మూలకణాలు ఇచ్చినవాళ్ళకి జీడిపప్పు పడదన్నమాట. ఇంతకీ ఎవరిచ్చారు?"

అక్క పెద్ద తమ్ముడి వైపు వేలు చూపించబోయింది. వేలు సగంలోనే ఆగిపోయింది. అతను బుగ్గన జీడిపప్పుతో, మింగలేక కక్కలేక నిలబడి ఉన్నాడు.

గుమ్మం దగ్గర చిన్న తమ్ముడు ముసుగు సర్దుకుని, "నేనొస్తానక్కా," అంటూ మెల్లగా తప్పుకోబోయాడు.

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాళాలగుత్తి దిండు కిందకి తోసేసింది.

"ఎక్కడికిరా? ఆ సీసా ఇలా పట్రా. నీ చేత్తో కాసిని మంచినీళ్ళు తాగించు."