నీలం ఎవరికి పడింది

స్పృహలేని భర్త వేలికి యమున నీలం ఉంగరం తొడిగింది. "అసలు సిలోన్ రాయి అక్కా. నీలం అందరికీ పడదు. పడకపోతే వాపసు తెచ్చియ్యి," అని చెప్పి అమ్మాడు హనుమకొండ నగల కొట్టు ఓంప్రకాశ్.

వారం తిరక్కముందే ఆమె ఉంగరం పట్టుకొచ్చింది.

"పడలేదా అక్కా?"

"పడ్డది తమ్మీ. పొద్దుగాల కండ్లు తెరిచిండు. ఇగ ఫికర్ లేదన్నడు డాక్టర్."

"మరెందుకు తీసినవ్?"

"తెరవంగనే 'సరోజా' అని పిలిచిండు."

"ఆమె ఎవరు?"

"నాకూ తెల్వకుండె. ఆయన ఫోన్ల నంబరున్నది. చేస్తే ఉరికొచ్చింది. దవాఖానల ఆయన పక్కనే ఏడ్చుకుంట కూసున్నది."

ఓంప్రకాశ్ ఉంగరం అందుకున్నాడు. "అయితే వాపసు తీసుకోమంటవా?"

"వద్దు. నీలం నాకు పడ్డది." యమున వేలు చాచింది. "జర నా సైజుకు తగ్గించు."