ఎడమచేతి దోసె

ఇంట్లో గడిచే ప్రతి రోజునూ గోడకున్న డబ్బా బొమ్మలుగా దాస్తుంది. నిండిపోతే తనే చోటు చేసుకుంటుంది. ఒకేలా ఉన్న రోజుల్లో ఒక్కటి ఉంచి మిగతావి చెరిపేస్తుంది. ఎవరింట్లో చూసినా అంతే.

భర్త పెద్దకర్మ అయ్యాక హారిక డబ్బా తెరిపించింది. ముప్పై రెండేళ్ల కాపురానికి ఒకే ఒక్క పొద్దు మిగిలింది. గళ్ల లుంగీతో కుర్చీలో కూర్చుని ఆయన దోసె తింటున్నాడు.

"నాన్న రోజూ అలాగే ఉండేవాడు కదమ్మా. దానికి తేడా తెలియలేదు," అంది కూతురు మేధ.

హారిక ఏడవలేదు. కడిగిన పళ్లేన్నే మళ్లీ కడిగి బోర్లించింది.

మర్నాడు మేధ వంటింట్లోకి వచ్చేసరికి తల్లి ఎడమచేత్తో దోసె పోస్తోంది. పిండి పెనం దాటి పొయ్యి మీద పడుతోంది.

"అదేంటమ్మా, ఎడమచేత్తో?"

"నావైనా నీకు నాలుగు రోజులు మిగలాలి కదే," అంది హారిక, డబ్బా వైపు చూడకుండానే.