తోడు రాని ఫైలు

"మళ్ళీ పేరు చదువుతున్నావా? ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ నీకు? ఇక్కడ పేర్లుండవు. నంబరు, దశ. అంతే!"

సీనియర్ గుమస్తా ఫైలు లాక్కుని అట్ట మూసేశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల రికార్డులన్నీ ఉండే గది అది. ఇరవై రెండేళ్ళుగా ఆ దుమ్ముకూ ఆ బీరువాలకూ ఆయనే మహారాజు. ఎదురుగా నిలబడ్డ కొత్తమ్మాయి ఉద్యోగంలో చేరి మూడు రోజులైంది.

"దశలంటేనే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు సార్."

"డిగ్రీ చదివావన్నారే! సరే, విను. ఈ గదికి చెద పట్టిందనుకో. ఒక్క ఫైలుకే ఉంటే మొదటి దశ. తీసి పారేస్తే సరి. అదే అరలో పక్క ఫైళ్ళకు పాకితే రెండోది. అంటే ఊపిరితిత్తి దగ్గరి గ్రంథులకు. ఆ నడిమి బీరువాకు చేరితే మూడోది. ఛాతీ మధ్య గ్రంథులన్నమాట. గోడ దాటిందా, నాలుగోది. ఎముకలు, కాలేయం, మెదడు... ఇంకేముంది, గోవిందా!"

ఆయన చొక్కా జేబులో ఫోను గణగణమంది. తీసి చూసి మొహం చిట్లించాడు. అవతల "ఏవండీ" అన్న మాట పూర్తి కాకముందే కట్ చేశాడు.

"మా ఇంటావిడ. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. ఓ గంట రావాలట! పనీపాటా లేనివాణ్ణి అనుకుంటోంది. దగ్గినా తుమ్మినా హడావుడే. ఇంట్లో రోగాల ఊసెత్తొద్దని ఎప్పుడో ఆర్డరేశాను, ఆ పోరు మాత్రం తగ్గింది."

కొత్తమ్మాయి ఫైలు వదల్లేదు.

"ఈ నాలుగు వందల పదిహేడుది మూడో దశ సార్. ఇవాళే డాక్టరు చూడాలి. పాపం, కింద బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉందని నర్సు చెప్పింది. తోడెవరూ రాలేదట."

"తోడు లేకపోతే డాక్టరు చూడడు. రూలు. వచ్చే వారం ట్రేలో పడెయ్."

"ఈలోగా గోడ దాటితే సార్?"

"దాటితే ట్రే మారుతుంది. మనకేం?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమస్తాకు ఒళ్ళు మండింది. ఏడ్చేవాళ్ళంటే ఆయనకు పరమ అసహ్యం.

"ఏం రాశారందులో? జన్మలో పొగ తాగలేదనేగా? అందరూ కోసే కోతే అది!"

"ఈవిడ తాగలేదు సార్. భర్త తాగుతాడట. ఇరవై ఏళ్ళుగా, ఇంట్లోనే."

"ఛీ! వాడూ ఒక మొగుడేనా? నేనూ తాగుతానమ్మాయ్, రోజుకో పెట్టె. కానీ బాల్కనీలో తాగుతాను. వానొస్తేనో, చలేస్తేనో తప్ప ఇంట్లో వెలిగించను. మనిషన్నాక ఆ మాత్రం ఇంగితం ఉండాలి!"

"ఆయన నంబరు ఫారంలో ఉంది సార్. గంటలో వస్తే ఇవాళే చూసేస్తారు. ఒక్కసారి ఫోన్ చేద్దామా?"

గుమస్తా ఆలోచించాడు. సాయం చేయడం ఆయనకు చేతకాదు గానీ ఎదుటివాణ్ణి కడిగెయ్యడమంటే మహా సరదా.

"కలుపు. మాట్లాడేది మాత్రం నేను. పనుంది, రాలేనంటాడు చూడు. ఇలాంటి సన్నాసులందరికీ అదే వంక. పెళ్ళాం అక్కడ చావుబతుకుల్లో ఉంటే రాలేనంత పనేమిట్రా నీకని అడిగి, తోలు తీస్తాను!"

కొత్తమ్మాయి ఫారం మీద వేలు పెట్టుకుని, ఆఫీసు ఫోన్లో ఒక్కో అంకే నొక్కింది. గుమస్తా రిసీవరు చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకుని, తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాడు.

ఆయన చొక్కా జేబులో ఫోను గణగణమంది.