వంకర తోక

మా చెల్లెలు నడపబోయే అంతరిక్ష నౌకకి కొండపల్లిలో ఆరడుగుల చెక్క నమూనా చేస్తున్నాను. ఆ నౌక తన రూపాన్ని తానే మార్చుకుంటుంది. మార్చుకున్నప్పుడల్లా నా బొమ్మా మారాలి. ఇప్పటికి మూడుసార్లు రంగు గీకేసి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కు మళ్లీ మెత్తాను.

నాలుగోసారి నౌక నుంచి కబురొచ్చింది: "తోక మార్చండి."

ఒళ్లు మండింది. పాత రంగు గీకకుండా, మక్కు ఆరకముందే తోక అతికించాను. అది వంకరపోయింది. అలాగే రంగేసి ఫొటో పంపేశాను.

పొద్దున్నే మా ఆవిడ సరళ ఫోన్ తెచ్చింది.

"ఇక మార్చక్కర్లేదంటండి. మీ తోక నచ్చి, నౌకే అలా మార్చుకుందంట."

"చెల్లాయి ఎక్కేదెప్పుడు?"

"తెల్లారగానే ఎక్కేసిందిగా."

"ఆ కత్తి ఇటివ్వు," అన్నాను.

తోక సరిచేసి మళ్లీ ఫొటో పంపడానికి, నాలుగోసారి రంగు గీకడం మొదలుపెట్టాను.