ఎనిమిదీ పన్నెండూ

"మీ రాజేశ్వర్ రావు నా గొంతు కోసిండు తమ్మీ. మిషిన్ ఖరాబని ఒక్క ముక్క రాసియ్యి. గంతే."

సారంగపాణి నోటుబుక్కు తెచ్చి మెకానిక్ యాకయ్య ముందు పడేసి, స్టూలు మీద కూలబడ్డాడు. కంప్యూటర్ అమ్మిన రాజేశ్వర్ రావే యాకయ్యను చూసి రమ్మని పంపాడు. ఎనభై తొమ్మిదిలో హన్మకొండ చౌరస్తాలో లిస్టులు తీసిచ్చే దుకాణం తెరిచి, ఆ డబ్బా కోసం సారంగపాణి మడికొండ పొలాన్ని వడ్డీ వ్యాపారి గట్టయ్యకు కుదువపెట్టాడు. గడువు రేపే. మిషన్ చెడ్డదని తేలితే పైసలు వాపసొస్తాయి, పొలం దక్కుతుంది.

రైతుల లిస్టు అరగంటలో తీసి చూపిస్తే ఏడాది పని నీదేనన్నారు ఎనుమాముల పత్తి వ్యాపారులు. వాళ్లొచ్చి కూర్చున్న రోజే నలభై రెండు నిమిషాలు పట్టింది. లేచి వెళ్లిపోయారు.

"ముందురోజు ఇరవై ఎనిమిదే! ఒకనాడు ఉరుకుతది, ఒకనాడు పాకుతది. నేనేం తక్కువ చేసిన? దుకాణం తెరవంగనే, స్విచ్ ఎయ్యకముందే బొట్టు పెడ్త, ఊదుబత్తి ముట్టిస్త. పాడిబర్రె లెక్క చూసుకున్న."

యాకయ్య పేజీలు తిప్పాడు. టైపు కొట్టే పద్మ రోజూ రాసి పెట్టింది: తేదీ, పట్టిన నిమిషాలు, డబ్బా ముందు వెలిగిన ఎర్ర అంకె. పన్నెండు వెలిగితే ఇరవై ఎనిమిది నిమిషాలు. ఎనిమిది వెలిగితే నలభై రెండు.

"గా అంకెనే మిషిన్ స్పీడన్నా. ఒకరోజు పన్నెండు, తెల్లారి ఎనిమిది. నడుమ ఆదివారం బంద్ పెట్టినా వరుస తప్పలే. కరెంటు కాదు, ఎండ కాదు." అతని వేలు ఒకచోట ఆగింది. "పదిహేడు, పద్దెనిమిది తారీఖులు రెండూ పన్నెండే. ఎందుకు?"

"పద్దెనిమిదిన కాక రాలే," అంది పద్మ. "కాజీపేటల పెండ్లికి పోయిండు. నేనే తెరిచిన."

"చూసినవా! నన్ను చూస్తెనే దానికి మంట!"

యాకయ్య నవ్వలేదు. "మిషిన్ల ఏం లేదన్నా. స్పీడుకు ఒక మీట ఉంటది. ఒకసారి నొక్కితే తగ్గుతది, మల్ల నొక్కితే పెరుగుతది. రోజుకొకసారి ఎవరో నొక్కుతాండ్లు."

"పద్మా!"

"నా మీద పడకు కాకా. మీట ఏడుంటదో నాకెర్కనే లేదు."

ఎర్ర అంకె కింద పావలా బిళ్ళంత ఉన్న మీటను యాకయ్య నొక్కి చూపించాడు. పన్నెండు ఎనిమిదైంది. వేలు తీసి చూసుకున్నాడు. కుంకుమ అంటింది.

ఆ బొట్టు ఖరీదు మడికొండలో ఎకరం పదిహేడు గుంటలు.